మన తీరపు కల్లు: రుచులు, చట్టాలు

ప్రత్యేక సంచికకు చరిత్ర వ్యాసం ఒకటి పంపమని కార్యదర్శి గారు ఫోను చేసినప్పుడు, ఉదయగిరి కోట మీద రాయనా, పల్లిపాడు ఆశ్రమం మీద రాయనా అని అడిగాను. "అవి ప్రతి సంచికలోనూ వస్తున్నాయి, మరేదైనా చూడండి" అన్నారు. మరేదైనా అంటే ఈ తీరంలో నాకు కొద్దో గొప్పో తెలిసిన విషయం కల్లు. పింఛనుదారుల పత్రికలో కల్లు గురించి ఏమిటని కొందరు పెద్దలకు అనిపించవచ్చు. ముందుగా మా ఇంట్లోనే అనిపించింది. ఆ సంగతి ముందుముందు వస్తుంది.

దీనికి నాంది మా మనవడు. బెంగుళూరులో ఉద్యోగం చేస్తున్నాడు. కిందటి సంక్రాంతికి వచ్చినప్పుడు అక్కడి ముచ్చట్లు చెబుతూ, 2010 తర్వాత ఆ ఊళ్ళో హోటలు వాళ్ళే తమ బీరు తాము తయారుచేసి అమ్మే చోట్లు చాలా వచ్చాయన్నాడు. చెక్కపళ్ళెంలో నాలుగైదు చిన్న గ్లాసులు వరుసగా పెట్టి ఇస్తారట. స్నేహితులు చుట్టూ కూర్చుని ఒక్కొక్క గుక్క తాగి, దీనిలో చేదు ఎక్కువ, దీనికి నారింజ తొక్క వాసన ఉంది అని వాదించుకుంటారట. మార్కులు కూడా వేస్తారట. వాటిలో ఒకదాని పేరు ఇండియా పేల్ ఏల్. మన దేశంలో ఉన్న తెల్లవాళ్ళ కోసం ఇంగ్లండు నుంచి ఓడల్లో పంపిన బీరుకు వచ్చిన పేరది. మన పేరు పెట్టుకున్న సరుకును ఇప్పుడు మన పిల్లలు కొత్తగా కనుక్కుంటున్నారు.

"మీ కాలంలో ఇట్లాంటివి లేవు కదా తాతా" అన్నాడు చివరికి.

"ఫాల్గుణంలో రెండు రోజులు సెలవు పెట్టుకుని రారా, చూద్దాం" అన్నాను.

ఎందుకంటే పదేళ్ళకు పైగా మేము నలుగురం చేస్తున్న పని అదే. ఒక రిటైరైన ప్రధానోపాధ్యాయుడు, ఒక పోస్టుమాస్టరు, కరెంటు స్తంభాలెక్కి జీవితం గడిపిన ఒక లైన్‌మన్, నేను. ఏటా ఫాల్గుణ చైత్రాల్లో ఒకటి రెండు ఉదయాలు మైపాడుకు ఉత్తరంగా ఉన్న ఇసుకదిబ్బల మీద, తాటిమాకుల నీడలో కలుస్తాం. గీసే అతను నాలుగు ముంతలు వరుసగా పెడతాడు. ఏది ఏ మానుదో అతనికొక్కడికే తెలుసు. తాటాకు దొన్నెలో రెండేసి గుక్కలే పోసుకోవాలి. ముందు వాసన, తర్వాత నాలుక. నోరు కడుక్కోవడానికి చెంబుతో నీళ్ళు, నంజుకోవడానికి ఉడకబెట్టిన శనక్కాయలు. ఎవరూ పైకి అనకుండా ఎవరి చీటీ వారు రాసుకోవాలి, అది మాస్టారు పెట్టిన నియమం. తర్వాత చీటీలు విప్పి చదువుతారు. బడి పోయినా పరీక్షలు పెట్టే అలవాటు పోలేదాయనకు.

చీటీల్లో ఏముంటుందంటే: ఇది పోతుమానుది, అది పండుమానుది, ఇది దిబ్బ మీది మాను, అది చెరువుకట్ట మాను, ఇది తెల్లవారుజామున దించింది, అది నిన్న సాయంత్రం మిగిలింది. పోతుమాను అంటే మగచెట్టు, పండుమాను అంటే కాయ కాసే ఆడచెట్టు. సీజనులో ముందు పోతుమాను, తర్వాత పండుమాను అందుకుంటాయి. రెండూ కలిసి దొరికే వారాలు కొన్నే. అందుకే మా సమావేశాలు ఆ నెలల్లో. పోతుమాను కల్లు తేలికగా ఉండి నాలుక మీద నిలవదని, పండుమానుది చిక్కగా ఉండి గొంతు దిగాక కూడా తీపి చెబుతుందని పోస్టుమాస్టరు గారి సిద్ధాంతం. చెరువుకట్ట మాను నీళ్ళు ఎక్కువ తాగి చప్పగా ఇస్తుందని లైన్‌మన్ అంటాడు. మాస్టారు ఇద్దరినీ కొట్టిపారేసి, రుచి మానులో లేదు, లొట్టిలో ఉంది అంటారు. ఎక్కువసార్లు సరిగ్గా చెప్పేది మాత్రం పోస్టుమాస్టరు గారే. ముప్ఫై ఏళ్ళు కవరు విప్పకుండానే లోపలేముందో చెప్పిన మనిషి.

చలికాలంలో ఈతకల్లు ఉంటుంది. దాని మీద మాకు పెద్దగా పట్టింపు లేదు.

మాస్టారి వాదంలో నిజం లేకపోలేదు. గీత ఎట్లా జరుగుతుందో చూసినవారికి తెలుస్తుంది. పోతుమాను పూతకంకులను, పండుమానైతే లేత గెలను తాటినారతో బిగించి, చెక్కపట్టుతో రోజూ మెల్లగా నొక్కుతూ కొన్నాళ్ళు మచ్చిక చేస్తారు. ఆ తర్వాత కొసను పూటపూటకూ పలుచగా చెక్కుతారు. చెక్కు మందమైతే కంకి వేగంగా అయిపోతుంది, మరీ పలుచనైతే రసం ఊరదు. అరవై డెబ్భై అడుగుల ఎత్తున, నడుముకు మోకు, కాళ్ళకు బందం, ఒక చేత్తో కత్తి పట్టుకుని చేసే పని ఇది. రోజూ రెండుసార్లు, ఇరవై మానులైతే నలభైసార్లు ఎక్కి దిగాలి.

మాను నుంచి కారే రసంలో నూటికి 10 నుంచి 12 వంతులు చక్కెర. లొట్టిలో నిన్నటి అడుగు కొంచెం అంటుకుని ఉంటుంది, గాలిలోనూ ఈస్టు ఉంటుంది, కాబట్టి కారుతూ ఉండగానే పులవడం మొదలవుతుంది. తెల్లవారి దించినది తియ్యగా, నురగలు కక్కుతూ ఉంటుంది. మధ్యాహ్నానికి దానిలో ఆల్కహాలు నూటికి 4, 5 వంతుల దాకా చేరుతుంది, అంటే ఇంచుమించు బీరంత. మర్నాటికి పులుపెక్కి సిర్కా దారి పడుతుంది. కాబట్టి ఒకే మాను, ఒకే లొట్టి, మూడు పూటల్లో మూడు పానీయాలు. సీసాలో పెట్టి నిలవ చేసే వస్తువు కాదిది.

బీరుకు బార్లీ గింజలు మొలకెత్తించాలి, ఉడికించాలి, చల్లార్చి ఈస్టు కలపాలి. అయితే బెల్జియంలో బ్రస్సెల్సు చుట్టుపక్కల లాంబిక్ అనే పుల్లని బీరు ఒకటి ఉంది. చలికాలపు రాత్రి ఉడికిన రసాన్ని వెడల్పాటి తొట్లలో మూతలేకుండా ఆరబెట్టి, గాలిలోని ఈస్టు దానంతట అదే పట్టుకునేదాకా వదిలేస్తారు. తర్వాత కొయ్యపీపాల్లో ఏళ్ళ తరబడి ఉంచుతారు. ప్రపంచంలో బీరు రుచి తెలిసినవారు దానికి పెద్దపీట వేస్తారట. మనవాళ్ళు అదే పనిని ఒక్క పూటలో, చెట్టు కొనన ముగిస్తారు. దీనిని పులియబెట్టే సూక్ష్మజీవుల్లో జైమోమోనాస్ అనే బాక్టీరియా ఒకటి. మెక్సికోలో కిత్తనార జాతి మొక్కల రసంతో చేసే పల్కే అనే పానీయంలో లిండ్నర్ అనే జర్మను శాస్త్రజ్ఞుడు 1920లలో దానిని వేరుచేశాడు. మన కల్లులో ఉన్నదీ ఆ వంశమే.

ఇక చరిత్రలోకి వస్తాను.

ఇంగ్లీషువాళ్ళు కోరమాండల్ తీరంలో మొదట కోట కట్టుకున్నది మద్రాసులో కాదు, మన దుర్గరాజపట్నంలో. 1626లో అక్కడ వర్తకస్థానం పెట్టి ఫిరంగులు నిలిపారు, దానిని ఆర్మగాన్ అనేవారు. అక్కడి అధికారి ఫ్రాన్సిస్ డే 1639లో మద్రాసు స్థలాన్ని ఎంచుకున్నాడు. ఆ ఊరు 2022 ఏప్రిల్‌లో జిల్లాలు విడదీసినప్పుడు తిరుపతి జిల్లాకు పోయింది గాని, మా తరానికి నెల్లూరు తీరమే. ఆ కాలంలో మన రేవులకు వచ్చిన తెల్లవాళ్ళ నోట మన తాడి "టాడీ" అయింది. ఆ మాట ఓడలెక్కి స్కాట్లండు దాకా పోయి, జలుబు చేసినప్పుడు వేణ్ణీళ్ళలో విస్కీ కలిపి తాగే దానికి పేరుగా స్థిరపడింది. తాటిచెట్టును ఎన్నడూ చూడని దేశంలో తాడి పేరు ఇప్పటికీ బతికి ఉంది.

కల్లు మీద రాబడి చూసినవాళ్ళు కుంపిణీ వాళ్ళు మొదటివారు కాదు. కాని దానిని పద్ధతిగా లెక్కకట్టింది వాళ్ళే. 1886 మద్రాసు అబ్కారీ చట్టం తర్వాత గీతకు లైసెన్సు, మానుకు పన్ను, దుకాణానికి వేలం అనే క్రమం గట్టిపడింది. గీసే మానుకు గుర్తు వేయాలి. మన తీరంలో ఇసకపల్లి వంటి చోట్ల ఉప్పు కొఠార్లు ఉండేవి. ఉప్పు, అబ్కారీ రెండూ ఒకే శాఖ చేతిలో ఉండేవి. కాబట్టి ఉప్పుమడి మీద నిఘా పెట్టిన కన్నే తాటిమాను మీదా ఉండేది. ఈ లెక్కలో పోతుమాను, పండుమాను, పొద్దుటిది, సాయంత్రపుది అన్న భేదం లేదు. మాను మానే, పన్ను పన్నే.

1921 ఏప్రిల్ 7న గాంధీజీ పెన్న ఒడ్డున పల్లిపాడులో పినాకినీ సత్యాగ్రహాశ్రమాన్ని ప్రారంభించారు. సహాయ నిరాకరణలో కల్లు దుకాణాల ముందు పికెటింగు ఒక ముఖ్యమైన కార్యక్రమం. అయితే గాంధీజీకి తాటిమాను మీద కోపం లేదు. రసాన్ని పులవనీయకుండా నీరాగా దించి బెల్లం వండితే పేదవాడికి బతుకుతెరువు అవుతుందని రాశారు. తాటిబెల్లం పనిని గజానన్ నాయక్ అనే ఆయన ఒక శాస్త్రంలాగా పెంచారు.

1937లో రాజాజీ మంత్రివర్గం మద్యనిషేధ చట్టం తెచ్చింది. ఆ అక్టోబరు 1న సేలం జిల్లాతో ఆరంభించి, మరుసటి ఏడు మన పొరుగు చిత్తూరు, కడప జిల్లాలకు విస్తరించారు. పోయిన అబ్కారీ రాబడిని పూడ్చుకోవడానికి 1939లో అమ్మకపు పన్ను వేశారు. మనం ఉద్యోగకాలమంతా తిట్టుకుంటూ కట్టిన సేల్సు టాక్సుకు మూలపురుషుడు కల్లుముంతే. యుద్ధకాలంలో నిషేధం సడలింది. 1948 అక్టోబరు 2 నాటికి మద్రాసు రాష్ట్రమంతటా, మన జిల్లాతో సహా, అమలైంది.

ఆంధ్రరాష్ట్రం 1953లో వచ్చినప్పుడు ఈ తగవు కూడా వారసత్వంగా వచ్చింది. నిషేధం ఎత్తివేయమని రామమూర్తి కమిటీ చెప్పింది. ప్రకాశం గారి ప్రభుత్వం ఒప్పుకోలేదు. గీత పనివాళ్ళ పక్షాన గౌతు లచ్చన్న గారు నిలిచారు. 1954 నవంబరులో శాసనసభలో ఒక్క ఓటు తేడాతో ప్రభుత్వం పడిపోయింది. తుపాకికి గుండె చూపిన ఆంధ్రకేసరిని కూలదోసింది కల్లు సమస్య. నిషేధం మాత్రం కూలలేదు, 1969 వరకు నడిచింది.

ఆ నిషేధంలో ఒక సందు ఉండేది. తీపికల్లు, అంటే సున్నం పూసిన లొట్టిలో దించిన నీరా, బెల్లం వండుకోవడానికి లైసెన్సు మీద దించుకోవచ్చు. సున్నం ఉంటే పులవదు. కాబట్టి ఒకే మానుకు కట్టిన లొట్టిలో సున్నం ఉంటే బెల్లం, లేకపోతే నేరం. ఆ తేడా తేల్చడానికి మొదట పనికివచ్చేవి ముక్కూ నాలుకే.

ఇక్కడ నా సొంత సంగతి ఒకటి రాయక తప్పదు. 1967లో నేను కొత్తగా చేరిన గుమాస్తాను, తీరప్రాంతంలో ఉండేవాణ్ణి. ఒక ఉదయం తనిఖీ పార్టీ వస్తే మధ్యవర్తిగా నన్ను పిలుచుకుపోయారు. ఎవరు, ఏ ఊరు అన్నవి ఇక్కడ అనవసరం. ఒక గీత అతను మాను దిగుతున్నాడు. లొట్టి చూపించి, "సామీ, ఇది తీపికల్లు, బెల్లానికి దించింది. మీరే నోట్లో ఏసుకోని చూడండి" అని నావైపు చాచాడు. నేను నోట్లో వేసుకోలేదు గాని వాసన చూశాను. సున్నం వాసన నా ముక్కుకు తగిలింది. కాగితం మీద పులిసిన కల్లు అని రాసి ఉంది. నేను సంతకం పెట్టాను. ఇరవై రెండేళ్ళవాణ్ణి, ఉద్యోగం ఖాయం కాలేదు అని ఇన్నాళ్ళూ నాకు నేను చెప్పుకుంటూ వచ్చాను. అతను జరిమానా కట్టడానికి పాలిచ్చే ఎనుమును అమ్ముకున్నాడని తర్వాత విన్నాను.

ఇప్పుడు మాకు ముంతలు పెట్టే అతను ఆయన కొడుకు. అతనికి అరవై దాటాయి. మూడేళ్ళ కిందట ఒక పొద్దున మిగతా ముగ్గురూ సముద్రం వైపు నడిచినప్పుడు ఆ సంగతి అతనితో చెప్పాను. కాసేపు ఏమీ అనలేదు. తర్వాత, "నాయన కూడా చెప్పేవాడు సార్. సున్నం ఆ రోజు తక్కువేసినానేమో అనుకునేవాడు. ఎండ తగిల్తే లొట్టి పొంగిపోద్ది గదా" అన్నాడు. ఆ మాట నాకు ఊరట కోసం అన్నాడో, నిజంగా వాళ్ళ నాయన అన్నదో నేను అడగలేదు.

1969 తర్వాత కల్లు బయటికి వచ్చింది, దానితోపాటు సారా వచ్చింది. 1980లలో ప్రభుత్వమే వారుణి వాహిని పేరుతో సారాను ప్యాకెట్లలో నింపి పల్లెపల్లెకూ చేర్చింది. కల్లు రెండు పూటల్లో చెడిపోతుంది, సీజను దాటితే దొరకదు, మానెక్కే మనిషి ఉండాలి. ప్యాకెట్టుకు ఇవేమీ అడ్డం కాదు. కూలి చేతికి రాగానే జేబులో పట్టే సరుకది. తర్వాత ఏమైందో నెల్లూరు జిల్లావారికి చెప్పనక్కరలేదు. 1991లో మొదలైన అక్షరదీపం రాత్రిబడుల్లో ఆడవాళ్ళు సీతమ్మ కథ చదివారు, కలిగిరి మండలం దూబగుంటలో తిరగబడ్డారు, రోశమ్మ గారి పేరు దేశమంతా తెలిసింది. 1992లో సారా వేలంపాటలు జరగనీయలేదు. 1993 ఏప్రిల్ 15న మన జిల్లాలో, అక్టోబరు 1న రాష్ట్రమంతటా సారా నిషేధమైంది. 1995 జనవరిలో వచ్చిన సంపూర్ణ మద్యనిషేధం 1997లో సడలిపోయినా, సారా దుకాణం మళ్ళీ తెరుచుకోలేదు.

చాలాకాలం నేను నలుగురిలో ఒక వాదన చేస్తూ వచ్చాను. దూబగుంట ఆడవాళ్ళు పోరాడింది సారా మీద, కల్లు మీద కాదు. కల్లు వేరు, సారా వేరు అని. ఒకసారి ఇంట్లో ఈ మాట అంటుంటే మా ఇంటావిడ లోపలికి వెళ్ళి ఒక పాత వాచకం తెచ్చి ముందు పడేసింది. ఆమె ఆ రోజుల్లో రాత్రిబడికి చదువు చెప్పడానికి వెళ్ళిన మనిషి. దానిలో "ఆడవాళ్ళు ఏకమైతే" అనే పాఠం ఉంది. దూబగుంట వాళ్ళు తమ కథ తామే చెప్పుకున్న పాఠం. చదివి చూడమంది. వాళ్ళు మొట్టమొదట ఊరి బయట ఆపింది కల్లు బండిని. పారబొయ్యి, నీ నష్టానికి తలా ఒక రూపాయి వేసుకుని ఇస్తాం అన్నారు. సారా జీపు వచ్చింది ఆ తర్వాత.

"మీరు నలుగురూ రెండు గుక్కలు తాగి చీటీలు రాసుకుని వస్తారు. మా పుట్టింటి వీధిలో ఎవరూ చీటీలు రాయలేదు" అంది.

నేను జవాబు చెప్పలేకపోయాను, ఇప్పటికీ చెప్పలేను. ఒక్క విషయం గమనించాను. బండివాడిని కూడా వాళ్ళు వట్టి చేతులతో పొమ్మనలేదు, నష్టం ఇస్తామన్నారు. నేను చూసిన చట్టాల్లో ఏదీ ఆ పని చేయలేదు.

ఇక కల్తీ విషయం. మత్తుమందుల పొడి కలిపి కల్లని అమ్మే దుర్మార్గం ముఖ్యంగా తెలంగాణ పట్టణాల్లో చాలాకాలంగా ఉంది. 2025 జూలైలో హైదరాబాదు కూకట్‌పల్లిలో అట్లాంటిది తాగి పలువురు చనిపోయారు. అది కల్లు కాదు, కల్లు పేరు మాత్రమే. మాను కింద నిలబడి దించింది తాగితే తప్ప నమ్మవద్దని మా పోస్టుమాస్టరు గారు కుటుంబ సభ్యులందరికీ హెచ్చరిక చేస్తుంటారు. షుగరు ఉన్నవారు అసలు జోలికి పోవద్దని నా మనవి. మా లైన్‌మన్ నిరుటి నుంచి వాసన మాత్రమే చూసి చీటీ రాస్తున్నాడు.

తీరంలో మానులు తగ్గుతున్నాయి. రొయ్యల గుంటలకు దిబ్బలు చదును చేశారు, ఇటుకబట్టీలకు మొద్దులు పోయాయి. మా గీత అతని కొడుకులిద్దరూ మానెక్కడం నేర్చుకోలేదు. ఒకడు కృష్ణపట్నం రేవులో లారీ నడుపుతాడు. నేర్పలేదా అని అడిగితే, "పడితే ఎవురు చూస్తారు సార్" అన్నాడు తండ్రి. ఆ మాటలోని న్యాయం కాదనలేం. ఎక్కేవాడు లేక చుట్టుపక్కల చాలా మానులు ఈ ఏడు ఊరికే నిలబడ్డాయి.

ఈ ఫాల్గుణంలో మా మనవడు చెప్పిన మాట ప్రకారం వచ్చాడు. దిబ్బ మీద చాప వేసి, నాలుగు ముంతలు పెట్టి, వాడికీ ఒక చీటీ ఇచ్చాం. బెంగుళూరు అనుభవంతో వాడు చాలాసేపు వాసనలు చూశాడు, కళ్ళు మూసుకున్నాడు. మాస్టారు చీటీలు విప్పారు. పోతుమాను, పండుమాను తారుమారు చేశాడు. నిన్నటి దానిని ఈ పొద్దుటిది అన్నాడు. నాలుగో ముంత గీత అతను మాకు చెప్పకుండా పెట్టిన తీపికల్లు. అది ఒక్కటే వాడు సరిగ్గా రాశాడు.

ఎట్లా తెలిసిందిరా అని అడిగాను.

"సున్నం వాసన తెలిసిపోతా ఉంది కదా తాతా" అన్నాడు.